బరోక్ ముఖశిల్పాల ప్రదర్శనకు వెళ్తున్నారా? మ్యూజియం కార్యక్రమాలను ఇలా వాడుకోండి

పెద్ద మ్యూజియంలో ఒక ప్రత్యేక ప్రదర్శన పెట్టారంటే దాని చుట్టూ బోలెడన్ని కార్యక్రమాలు నడుస్తాయి. క్యూరేటర్ల (ప్రదర్శనను రూపొందించే నిపుణుల) ఉపన్యాసాలు, శిల్పం ముందే నిలబడి చెప్పే గ్యాలరీ టాక్‌లు, రాయి చెక్కి చూపించే డెమోలు, డ్రాయింగ్ క్లాసులు, ఆ కాలపు సంగీత కచేరీలు, పిల్లలకు మట్టి పని. వీటిలో చాలావాటికి డబ్బు కట్టక్కర్లేదు కూడా. అయినా మనవాళ్లలో ఎక్కువమంది గంటలో గదులన్నీ చుట్టేసి, నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తారు.

పెయింటింగ్‌ల ప్రదర్శనైతే అలా చూసినా ఎంతో కొంత దక్కుతుంది. రంగులే మనల్ని ఆపుతాయి. బరోక్ శైలి, అంటే 17వ శతాబ్దపు యూరప్ శైలి పాలరాతి ముఖశిల్పాల దగ్గర ఆ వీలు లేదు. మొదటి గదిలో నోరెళ్లబెట్టి చూస్తాం. మూడో గదికి వచ్చేసరికి అన్నీ ఒకే తెల్ల ముఖాల్లా అనిపిస్తాయి. ఎవరో పోప్, ఎవరో కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి చర్చి పెద్ద), ఎవరో పెద్ద కాలరు వేసుకున్న దొరసాని. విసుగు మొదలయ్యేది అక్కడే, కార్యక్రమాలు అక్కరకొచ్చేదీ అక్కడే. ఏం చూడాలో తెలిసిన మనిషి పక్కన పది నిమిషాలు నిలబడితే అదే రాయిలో పెదాలు, ఊపిరి, బట్ట, చర్మం విడివిడిగా కనిపించడం మొదలవుతుంది.

ఇది ముఖ్యంగా అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో ఉంటున్న తెలుగువాళ్ల కోసం, వాళ్ల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నల కోసం. ఉదాహరణగా 2008లో లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ సెంటర్‌లో జరిగిన బెర్నిని ప్రదర్శనను దృష్టిలో పెట్టుకోండి. రోమ్ నగరపు మహాశిల్పి జియాన్ లొరెంజో బెర్నిని (1598-1680), ఆయన సమకాలికులు అలెస్సాండ్రో అల్గార్ది, జూలియానో ఫినెల్లి వంటివాళ్లు ఛాతీ వరకు చెక్కిన ముఖశిల్పాలు, అంటే బస్ట్‌లు, దాని విషయం. ఆగస్టు 5 నుంచి అక్టోబర్ 26 వరకు అక్కడ ఉండి, తర్వాత ఒట్టావాలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ కెనడాకు వెళ్లింది. బరువైన, పెళుసైన ఈ పాలరాళ్లను మ్యూజియంలు ఊరికే అరువివ్వవు. కాబట్టి ఇలాంటి ప్రదర్శన మీ ఊరికి వస్తే కాస్త పద్ధతిగా వెళ్లండి.

1. ముందు క్యాలెండర్ తెరవండి

ప్రదర్శన గురించి తెలిసిన రోజే మ్యూజియం వెబ్‌సైట్‌లో దాని పేజీ తెరిచి, ఈవెంట్స్ అని ఉన్నచోట నొక్కండి. ఇలాంటి ప్రదర్శనలు సాధారణంగా మూడు నెలలు నడుస్తాయి. తొలి వారాల్లో క్యూరేటర్ ఉపన్యాసం, మధ్యలో పండితుల సదస్సు, శని, ఆదివారాల్లో కుటుంబ కార్యక్రమాలు పెట్టడం మామూలు. చివరి రెండు వారాలు మాత్రం వదిలేయండి. అప్పటిదాకా వాయిదా వేసినవాళ్లందరూ ఒకేసారి వస్తారు, బస్ట్ చుట్టూ తిరగడానికి చోటే ఉండదు.

అన్నింటికీ వెళ్లాలని పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. మూడు ఎంచుకోండి, చాలు. గదిలో శిల్పం ముందు జరిగే టాక్ ఒకటి, చేత్తో పని చేసి చూపించే డెమో ఒకటి, మీ ఇష్టాన్ని బట్టి ఉపన్యాసమో, కచేరీయో, డ్రాయింగ్ క్లాసో ఒకటి. రెండింటికే వీలైతే ఉపన్యాసం వదిలేసి డెమో ఉంచుకోండి. ఉపన్యాసాలను చాలా మ్యూజియంలు తర్వాత వీడియోగా పెడతాయి. ఉలి దెబ్బకు లేచే రాతిపొడిని వీడియోలో చూడటం వేరు, రెండడుగుల దూరంలో చూడటం వేరు.

ఉచితం అన్నారంటే బుకింగ్ అక్కర్లేదని కాదు. గ్యాలరీ టాక్‌కు కొద్దిమందినే తీసుకుంటారు, ఎందుకంటే వెనక ఉన్నవాళ్లకు వినపడదు. కొన్నిచోట్ల ముందుగా ఆన్‌లైన్‌లో, కొన్నిచోట్ల అదే రోజు ఇన్ఫర్మేషన్ డెస్క్ దగ్గర పేరు రాయించుకోవాలి. సీట్లు అయిపోయాయని ఉంటే వెయిట్‌లిస్ట్‌లో పేరు పెట్టండి. ఉచిత కార్యక్రమాలకు పేరిచ్చి రానివాళ్లు ఎప్పుడూ ఉంటారు.

చేరుకునే దారి కూడా చూసుకోండి. గెట్టీ సెంటర్‌కు ప్రవేశం ఉచితం, కానీ టైమ్ స్లాట్ బుక్ చేసుకోవాలి, పార్కింగ్‌కు డబ్బు కట్టాలి, కింద కారు పెట్టి ట్రామ్‌లో కొండ మీదికి వెళ్లాలి. మూడింటికి మొదలయ్యే టాక్‌కు మూడింటికి పార్కింగ్‌లో ఉంటే అది మీకు దక్కదు. ముప్పావుగంట ముందు కింద ఉండేలా బయలుదేరండి.

2. ఎవరి మాటా వినకముందు మీరు చూడండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. కార్యక్రమానికి ఇంకా గంట ఉందనగా గదుల్లోకి వెళ్లండి. గోడ మీది రాతలు, ఆడియో గైడ్ ఇప్పుడే వద్దు. గదులన్నీ ఒకసారి మామూలుగా నడిచి, మిమ్మల్ని ఆపిన ఒక్క బస్ట్ దగ్గరికి తిరిగి రండి. ఇరవై నిమిషాలు దానికే ఇవ్వండి.

ఎలా చూడాలో ఒక బస్ట్ పట్టుకుని చెబుతాను. బెర్నిని 1632లో చెక్కిన కార్డినల్ షిపియోనె బోర్గేజె ముఖం. అసలు శిల్పం రోమ్‌లోని బోర్గేజె గ్యాలరీలో ఉంటుంది. మొదట పదడుగుల దూరంలో నిలబడండి. లావుపాటి మనిషి, తల కొద్దిగా పక్కకు తిరిగి ఉంది, టోపీ కాస్త వెనక్కి జరిగి ఉంది. ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అది ఎలా తెలిసింది? పెదాలు కొంచెం విడి ఉన్నాయి. మనిషి పోలిక దొరికే మంచి క్షణం అతను మాట అనబోయే ముందో, అన్న వెంటనో అని బెర్నిని నమ్మేవాడు. ఇప్పుడు దగ్గరికి వెళ్లి ఛాతీ మీది గుండీల వరస చూడండి. వాటిలో ఒకటి కాజాలోంచి సగమే బయటికొచ్చి ఇరుక్కుపోయింది. లావు మనిషి ఊపిరి తీసి వదులుతుంటే బట్ట బిగిసే తీరు ఆ ఒక్క గుండీతో తెలిసిపోతుంది. అంత పెద్ద పదవిలో ఉన్నవాడి బొమ్మలో సరిగా పెట్టని గుండీని ఉంచడానికి శిల్పికి ఎంత ధైర్యం కావాలో, చెక్కించుకున్నవాడికి ఎంత చనువు ఉండాలో ఆలోచించండి.

తర్వాత కళ్లు. ఇక్కడ ఎక్కువసేపు ఆగండి. పాలరాతిలో నల్లగుడ్డు ఉండదు, రంగు వేయకూడదు, మరి చూపు ఎక్కడి నుంచి వస్తుంది? కంటిపాప ఉండాల్సిన చోట రాయిని తొలిచి చిన్న గుంట చేస్తారు. అందులో పడిన నీడే మనకు నల్లగుడ్డు. అందుకే మీరు పక్కకు జరిగితే, వెలుగు మారితే, చూపు కూడా మారినట్టుంటుంది. 1665లో బెర్నిని పారిస్ వెళ్లినప్పుడు ఆయన వెంట తిరిగిన షాంతెలూ అనే ఆయన ఈ సంగతులన్నీ డైరీలో రాసిపెట్టాడు. ఒక మనిషి జుట్టు, గడ్డం, పెదాలు, కనుబొమలు అన్నీ తెల్లగా పూసుకుని వస్తే రోజూ చూసేవాళ్లు కూడా గుర్తుపట్టలేరు, తెల్లరాతిలో పోలిక తేవడం అంత కష్టం అని బెర్నిని చెప్పాడట. అందుకే కళ్ల చుట్టూ నలుపు చూపించాలంటే ఆ చోట రాయిని అసలు ముఖంలో ఉన్నదానికన్నా లోతుగా తవ్వాలి, నిజంలా కనిపించడానికి నిజంలో లేనిది చెయ్యాలి అని కూడా అన్నాడు. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుని ఏ బస్ట్ దగ్గరికి వెళ్లినా మీకు పని దొరుకుతుంది. ఎక్కడ లోతుగా తవ్వాడు, ఎందుకు తవ్వాడు అని వెతకండి.

చివరగా వెనక్కి వెళ్లండి. చాలామంది వెళ్లరు. బరువు తగ్గించడానికి బస్ట్ వెనకవైపు తొలిచేసి, మధ్యలో ఒక స్తంభంలా రాయి వదిలేస్తారు. ముందు పట్టులా మెరిసిన రాయి వెనక గరుకుగా ఉంటుంది, ఉలి గీతలు అలాగే ఉంటాయి. గోడ గూటిలో ఉండే శిల్పానికి ఈ వైపు ఎవరికీ కనపడదు. ప్రదర్శనలో గది మధ్యలో పెడితేనే దొరికే అవకాశం ఇది.

చూసినవాటిలో అర్థం కానిది ఒకటి ఫోన్‌లో రాసుకోండి. ఒక్క వాక్యం చాలు. తర్వాత అడుగులో అది పనికొస్తుంది.

3. గ్యాలరీ టాక్‌లో ఎక్కడ నిలబడాలి, ఏం అడగాలి

మాట్లాడేవాళ్ల ఎదురుగా కాకుండా, శిల్పం పక్కవైపు కనపడేలా నిలబడండి. వక్త ముఖం చూస్తూ ఉంటే రాయిని చూడటం మర్చిపోతాం. నోట్స్ రాసుకోవడం కూడా ఇక్కడ వద్దు. వాళ్లు చెయ్యి చూపించిన చోటుకల్లా కన్ను పోనివ్వండి.

ఇంగ్లిష్ యాస పట్టుకోవడం కష్టమైతే వెబ్‌సైట్‌లో ముందే ఆ శిల్పాల పేర్లు, ఎవరి బొమ్మో చదువుకుని వెళ్లండి. అర్బన్ 8, బార్బెరిని, బోర్గేజె అనే మూడు నాలుగు పేర్లు తెలిసి ఉంటే సగం మాట దానంతటదే అర్థమవుతుంది. బార్బెరిని వంశంలోంచి వచ్చిన పోప్ అర్బన్ 8 బెర్నినికి పెద్ద అండ. ఆ వంశపు గుర్తు తేనెటీగ. ఎక్కడైనా తేనెటీగ కనిపిస్తే వాళ్ల మనుషులో, వాళ్ల డబ్బో అక్కడ ఉన్నట్టే.

ప్రశ్న అడగడానికి మొహమాటపడొద్దు. మీరు రాసుకున్న వాక్యాన్ని అడగండి. ఏమీ తోచకపోతే నేను చెప్పే ప్రశ్న అడిగి చూడండి: ‘ఇందులో గురువు చెక్కింది ఎంత, శిష్యుడు చెక్కింది ఎంత?’ క్యూరేటర్ల ముఖాలు వెలిగిపోయే ప్రశ్న ఇది. దీని వెనక కథ ఉంది. కరారా పాలరాతి గనుల ఊరి నుంచి వచ్చిన ఫినెల్లి, బెర్నిని దగ్గర పనిచేశాడు. సన్నపని ఆయన చేతిలో ఉన్నట్టు మరొకరి చేతిలో లేదు. బెర్నిని ‘అపోలో, డాఫ్నె’ శిల్పంలో (గ్రీకు దేవుడు తరుముతుంటే చెట్టుగా మారిపోయే అమ్మాయి కథ) చేతివేళ్లు ఆకులుగా మారే పల్చటి భాగాల్లో ఫినెల్లి చెయ్యి ఉందని పండితులు చెబుతారు. పేరంతా గురువుకే పోతోందని మనసు విరిగి 1629లో బయటికొచ్చేశాడు. పారిస్‌లోని లూవ్ర్‌లో ఆయన చెక్కిన మరియా బార్బెరిని దుగ్లియోలి బస్ట్ ఉంది. ఆమె పోప్ అర్బన్ 8 అన్న కూతురు, చిన్న వయసులోనే చనిపోయింది. ఆమె కాలరు లేసులో ప్రతి చిల్లూ రాయిని తొలిచి చేసిందే. ఛాతీ మీద నగ కూడా తేనెటీగే.

4. రాయి చెక్కే డెమోను వదలకండి

కార్యక్రమాల్లో ఒక్కదానికే వెళ్లగలిగితే దీనికే వెళ్లండి. ఒక శిల్పి బయట మండువాలోనో, స్టూడియోలోనో పాలరాయి ముక్క పెట్టుకుని కూర్చుంటారు. చుట్టూ జనం వస్తూ పోతూ ఉంటారు. మీరు వచ్చి పోయేవాళ్లలో ఉండకండి, అరగంటైనా కూర్చోండి. ఒక పనిముట్టు వదిలి ఇంకోటి తీసేదాకా చూడాలి.

మొదట సూదిమొన ఉలి. దాంతో పెద్ద పెద్ద పెళ్లలు ఎగరగొడతారు. తర్వాత పళ్ల ఉలి, అది రాయి మీద పక్కపక్కన సన్న గీతలు వదులుతుంది. మీరు బస్ట్ వెనక చూసిన గీతలను ఇక్కడ గుర్తుపడతారు. ఆ తర్వాత చదును ఉలి, ఆకురాళ్లు, చివరికి ప్యూమిస్ రాయిలాంటి గరుకు రాళ్లతో నునుపు పెట్టడం. ఎక్కడ నునుపు ఆపాలన్నది కూడా శిల్పి నిర్ణయమే. చర్మం మెరిసేలా రుద్ది, జుట్టును, బట్టను కాస్త గరుకుగా వదిలేస్తే ఒకే రాయి మూడు రకాల వస్తువుల్లా కనిపిస్తుంది.

మధ్యలో డ్రిల్ తీస్తారు. ఇప్పటి శిల్పుల చేతిలో కరెంటుదో, గాలితో నడిచేదో ఉంటుంది. ఆ రోజుల్లో ఒకరు డ్రిల్ నిలబెట్టి పట్టుకుంటే, ఇంకొకరు తాడు లాగుతూ తిప్పేవాళ్లు. లేసు చిల్లులు, జుట్టు రింగుల మధ్య లోతులు అన్నీ దానితోనే. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో థామస్ బేకర్ అనే ఇంగ్లిష్ పెద్దమనిషి బస్ట్ ఉంది, బెర్నిని 1638 ప్రాంతంలో చేసింది. ఆ గుబురు జుట్టులో డ్రిల్ ఎంత లోపలికి పోయిందో చూస్తే గుండె జారుతుంది. ఒక్క రింగు విరిగినా పని చెడుతుంది. అందుకే పల్చటి భాగాల మధ్య చిన్న రాతి వంతెనలు వదిలేవాళ్లు, ఊతంగా. కొన్ని బస్ట్‌లలో అవి ఇప్పటికీ కనిపిస్తాయి, వెతికి చూడండి.

చెవులు కూడా పెట్టండి. పగులు లేని రాయి ఖంగుమంటుంది, లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. మన శిల్పశాస్త్రాల్లో కూడా రాయిని తట్టి, నాదాన్ని బట్టి పురుష శిల, స్త్రీ శిల అని విడదీసే పద్ధతి ఉంది. నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ శిల్పుల పని దగ్గరగా చూసినవాళ్లకు ఈ డెమోలో చాలా భాగం తెలిసినట్టే ఉంటుంది. అయితే వాళ్లు ఎక్కువగా చెక్కే నల్లరాయి పాలరాయి కన్నా చాలా గట్టిది. ఉలి కోణం, దెబ్బ బలం ఎలా మారతాయో డెమో చేసే శిల్పిని అడగండి, సంతోషంగా చూపిస్తారు.

పగులు సంగతి ఎందుకు చెప్పానంటే, షిపియోనె బస్ట్ దాదాపు పూర్తయ్యాక నుదుటి మీదుగా పాలరాతిలో పగులు బయటపడింది. బెర్నిని ఎవరికీ చెప్పకుండా ఇంకో రాయి తెప్పించి రెండో బస్ట్ చెక్కేశాడు. ఆయన జీవితకథ రాసిన ఇద్దరిలో ఒకరు 15 రోజుల్లో అంటే, సొంత కొడుకు డొమెనికో 3 రోజుల్లోనే అన్నాడు. కార్డినల్ వచ్చాక మొదట పగిలినది చూపించి, ఆయన ముఖం వాడిపోవడం చూసి, తర్వాత రెండోది బయటపెట్టాడట. రెండూ ఇప్పుడు ఒకే మ్యూజియంలో ఉన్నాయి. అరగంట సేపు రాయి చెక్కడం చూసి వస్తే 3 రోజులన్న మాటను మీరెంత నమ్మాలో మీకే తెలుస్తుంది.

డెమో దగ్గర పెట్టిన రాతి ముక్కలను ముట్టుకోనిస్తారు. గదిలోని శిల్పాలను మాత్రం వేలితో కూడా తాకకూడదు. చేతి జిడ్డు పాలరాతిలోకి ఇంకి మరకవుతుంది. చూపు సరిగా లేనివాళ్లకు కొన్ని మ్యూజియంలు తాకి తెలుసుకునే ప్రత్యేక టూర్లు పెడతాయి, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

డెమో అవగానే ఇంటికి వెళ్లకుండా, మీరు ఇరవై నిమిషాలు చూసిన బస్ట్ దగ్గరికి మళ్లీ వెళ్లండి. ప్రతి కార్యక్రమం తర్వాత ఇలాగే చెయ్యండి, ఐదు నిమిషాలైనా సరే.

5. పెన్సిల్ పట్టుకోండి, పిల్లలకు మట్టి ఇవ్వండి

డ్రాయింగ్ క్లాస్ అనగానే ‘మాకు బొమ్మలు రావండీ’ అంటారు. గీసిన బొమ్మ బాగుండటంతో ఇక్కడ పని లేదు. గీస్తున్నంతసేపూ కన్ను అక్కడే ఉంటుంది, అదే లాభం. మొదట పక్కనుంచి గీయండి. నుదురు, ముక్కు, పెదవి, గడ్డం ఒకే గీత. తర్వాత వెలుగు వదిలేసి నీడలు మాత్రమే నింపండి. బెర్నిని బస్ట్‌లో నీడలు ఎంత కొలిచి పెట్టినవో అప్పుడు తెలుస్తుంది. ఆయన కూడా ముందు కాగితం మీదే మొదలుపెట్టేవాడు. న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో షిపియోనెను ఆయన పక్కనుంచి గీసిన ఎర్రచాక్ బొమ్మ ఉంది. పారిస్‌లో 14వ లూయీని కూర్చోబెట్టకుండా, రాజు టెన్నిస్ ఆడుతుంటే, కొలువులో మాట్లాడుతుంటే గీసుకున్నాడు. రాయి చెక్కేటప్పుడు మాత్రం ఆ బొమ్మలు ముందు పెట్టుకోలేదు, నన్ను నేనే కాపీ కొట్టుకోను అన్నాడట.

గ్యాలరీల్లో మామూలుగా పెన్సిల్‌నే అనుమతిస్తారు, పెన్ను, రంగులు ఒప్పుకోరు. ఫ్లాష్, సెల్ఫీ స్టిక్, పెద్ద బ్యాగులు కూడా కుదరవు. అరువు తెచ్చిన శిల్పాలైతే కొన్నిటికి అసలు ఫొటోలే తీయనివ్వరు. తలుపు దగ్గరే అడిగేయండి.

పిల్లలకు మట్టి పని చాలా నచ్చుతుంది. వినాయక చవితికి మట్టి ప్రతిమ చేసిన పిల్లలైతే ఇంకా త్వరగా పట్టుకుంటారు. మట్టిలో తప్పైతే మళ్లీ పెట్టొచ్చు, రాతిలో తీసేసింది తిరిగి రాదు, ఈ తేడా వాళ్ల చేతికి తెలిసేలా చెయ్యండి. మట్టి ముఖానికి కంటిపాప చోట పుల్లతో గుంట పెట్టించి, టార్చ్ లైటు అటూ ఇటూ తిప్పి చూపించండి. రెండో అడుగులో చెప్పిందంతా ఐదేళ్ల పిల్లకు కూడా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. తర్వాత గదిలోకి తీసుకెళ్లి, కళ్లలో గుంటలున్న ముఖాలు ఏవి, లేనివి ఏవి అని వాళ్లనే వెతకమనండి.

6. ఉపన్యాసాల్లో ఏది వినాలి

శీర్షిక చూసి ఎంచుకోండి. ‘బరోక్ యుగం, ఒక పరిచయం’ లాంటివి వీడియోల్లో దొరుకుతాయి. ఒకే శిల్పం గురించో, ఒకే ప్రశ్న గురించో చెప్పేవాటికి వెళ్లండి. ఎదురుగా లేని మనిషిని ఎలా చెక్కారన్నది అలాంటి ప్రశ్న. ఇంగ్లండ్ రాజు 1వ చార్లెస్‌ను బెర్నిని ఎప్పుడూ చూడలేదు. చిత్రకారుడు వాన్ డైక్ ఒకే కాన్వాస్ మీద రాజు ముఖాన్ని మూడు వైపుల నుంచి గీసి రోమ్‌కు పంపితే, అది చూసి చెక్కాడు. ఆ బస్ట్ 1698లో వైట్‌హాల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో పోయింది, పెయింటింగ్ మాత్రం ఇంగ్లండ్ రాజవంశం సేకరణలో ఉంది. ఇటలీలోని మోడెనా పాలకుడు, డ్యూక్ ఫ్రాన్చెస్కో ద ఎస్తె బస్ట్ కూడా పెయింటింగ్‌లు చూసి చేసిందే.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండమంటాను. ఫ్లోరెన్స్‌లోని బార్జెల్లో మ్యూజియంలో ఉండే కోస్తాంజా బొనరెల్లి బస్ట్ ఎక్కడికి వెళ్లినా అందరి కళ్లూ దాని మీదే. బెర్నిని 1636-38 మధ్య ఎవరూ అడగకుండా తన కోసం చెక్కుకున్న ముఖం అది. చెదిరిన జుట్టు, తెరుచుకున్న చొక్కా మెడ, ఇప్పుడే ఏదో విన్నట్టు తిరిగిన తల. కోస్తాంజా బెర్నిని సహాయకుడి భార్య, బెర్నిని ప్రియురాలు. ఆమెకు తన తమ్ముడు లుయీజితో కూడా సంబంధం ఉందని తెలిసి, బెర్నిని ఒక నౌకరును పంపి ఆమె ముఖం మీద కత్తితో కోయించాడు. బెర్నినికి 3,000 స్కూదిల (అప్పటి రోమ్ నాణేల) జరిమానా పడితే పోప్ మాఫీ చేశాడు. ఆమెను మాత్రం ఒక నిర్బంధ గృహంలో పెట్టారు. చాలాచోట్ల దీన్ని ‘గాఢమైన ప్రేమకథ’గా చెప్పి ముగించేస్తారు. అది సరిపోదు. ఆ శిల్పం గురించిన కార్యక్రమంలో రాతి అందం ఎంత చెబుతారో, ఆమెకు జరిగింది కూడా అంతే సూటిగా చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి, ‘తర్వాత ఆమె ఏమైంది?’ అని. 2021లో ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ గ్యాలరీ ఈ బస్ట్‌ను యాసిడ్ దాడికి గురైన మహిళల ఫొటోల పక్కన పెట్టి ప్రదర్శించింది. యాసిడ్ దాడుల వార్తలు చదువుతూ పెరిగిన మనకు ఆ పక్కపక్కన పెట్టడం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. పెద్ద పిల్లలతో వెళ్తే దాచకుండా మాట్లాడండి, చిన్నపిల్లలు ఉంటే ఆ టాక్‌కు మీరొక్కరే వెళ్లండి.

7. కచేరీ ఉంటే

రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చిలో బెర్నిని పెద్ద కంచు మంటపం కడుతున్న ఏళ్లలోనే, అదే చర్చిలో ఆర్గన్ వాయించినవాడు ఫ్రెస్కోబాల్ది అనే సంగీతకర్త. బెర్నిని నాటకాలు రాసి, వేయించి, వాటిలో నటించినవాడు కూడా. కాబట్టి ఈ ప్రదర్శనలకు ఆ కాలపు సంగీతం జత చేయడం అలంకారం కోసం కాదు. కర్ణాటక సంగీతం వినే అలవాటున్నవాళ్లకు ఒక్క స్వరం చుట్టూ గమకాల్లా పాటగాళ్లు చేసే అల్లికలు ఆసక్తిగా ఉంటాయి. టికెట్ ధర ఎక్కువనిపిస్తే మానేయండి, పెద్దగా నష్టం లేదు.

8. అమ్మానాన్నలతో వెళ్తుంటే

మన ఇళ్లలో ఇలాంటి చోట్లకు వెళ్లేది ఎక్కువగా వేసవిలో, ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడే. ఫోల్డింగ్ స్టూల్ ఇస్తారా, వీల్‌చెయిర్ ఉందా అని ముందే అడగండి. చాలా మ్యూజియంలు ఉచితంగానే ఇస్తాయి. వినికిడి తక్కువైతే టూర్లకు హెడ్‌ఫోన్ సెట్లు ఉంటాయి.

భాష దగ్గరే అసలు సమస్య. గ్యాలరీ టాక్ జరుగుతుండగా పక్కన గుసగుసగా అనువాదం చేయొద్దు, మీకూ వినపడదు, వాళ్లకూ అర్థం కాదు, మిగతావాళ్లకు ఇబ్బంది. టాక్ మీరు ఒక్కరే విని రండి, వాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టండి. తర్వాత వాళ్లను తీసుకెళ్లి మూడే మూడు శిల్పాలు మీ మాటల్లో చూపించండి. గుండీ కథ, పగులు కథ, తేనెటీగ కథ. ‘నాన్నా, ఈయన లావుకి ఆ గుండీ ఎలా ఇరుక్కుందో చూడు’ అంటే చాలు, ఆయనే వంగి మిగతావి వెతకడం మొదలుపెడతారు. రాయి చెక్కే డెమోకు మాత్రం అందరూ కలిసే వెళ్లండి, అక్కడ భాషతో పని లేదు.

9. ప్రదర్శన వెళ్లిపోయాక

ప్రదర్శన ముగిశాక బస్ట్‌లన్నీ సొంత ఊళ్లకు వెళ్లిపోతాయి. కానీ కొన్ని మీ దగ్గర్లోనే ఎప్పుడూ ఉంటాయి. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో బెర్నిని చెక్కిన మొన్సిన్యోర్ (చర్చి పెద్దలకిచ్చే బిరుదు) ఫ్రాన్చెస్కో బార్బెరిని బస్ట్ ఉంది, ప్రవేశం ఉచితం. గెట్టీ 2015లో పోప్ పాల్ 5 బస్ట్ కొనుక్కుంది, 1621లో బెర్నిని చిన్న వయసులో చేసింది. ఒట్టావాలో అర్బన్ 8 ఉన్నాడు. న్యూజెర్సీ, న్యూయార్క్ వాళ్లకు అన్నిటికన్నా మంచి అభ్యాసం మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అదే షిపియోనె బోర్గేజెను, అదే కాలంలో, ఫినెల్లి చెక్కిన బస్ట్ అక్కడుంది. ఫోన్‌లో బెర్నిని బస్ట్ ఫొటో పెట్టుకుని రెండింటినీ పోల్చండి. నోరు, గుండీలు, కళ్లు, ఈ మూడు చోట్లే చూడండి. వెళ్లే ముందు వెబ్‌సైట్‌లో ‘ఆన్ వ్యూ’ (ఇప్పుడు చూడటానికి పెట్టి ఉంది) అని ఉందో లేదో చూసుకోండి, ఇలాంటివి తరచూ వేరే ప్రదర్శనలకు అరువు వెళ్తుంటాయి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కా 19వ శతాబ్దపు ఇటలీ పని, బరోక్ కాదు. అయినా తెల్లరాతిలో పల్చటి బట్ట, దాని కింద ముఖం ఎలా చూపించాలన్న ప్రశ్న అదే. ముసుగు ఎక్కడ చర్మానికి అంటుకుంది, ఎక్కడ విడిగా మడతపడింది, ఏ మడత ఎంత లోతుగా తవ్వారు అని రెండో అడుగులో చెప్పినట్టే చూడండి. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో ఉదయం పదింటికి తెరుస్తారు. జనం పెరగకముందే, తెరిచిన వెంటనే ఆమె దగ్గరికే నేరుగా వెళ్లండి.